నంబరు సీసా

స్కాన్ గది బయట బెంచీ మీద, పేరు లేకుండా నంబరు మాత్రమే ఉన్న మందు సీసా పట్టుకుని అక్క కూర్చుంది. ఆ మందు కనిపెట్టిన తమ్ముడు పక్కనే ఉన్నాడు.

"పద్దెనిమిదేళ్ళు ల్యాబులోనే పడున్నావు. ఆఖరికి నాకే పనికొచ్చింది చూడు."

"ట్రయల్లో సగం మందికి మందు లేని ఉత్త బిళ్ళే ఇస్తారక్కా. ఎవరికేదో నాక్కూడా చెప్పరు. ఆ షరతు పెట్టిందే నేను."

"సంతకం పెట్టేటప్పుడు చదివాన్లే. నాకు మందే పడింది."

"ఎలా చెప్పగలవు?"

"నాకు తెలుస్తుందిగా! పాపం, నాతో చేరినవాళ్ళలో సగంమంది ఒంట్లో ఆవిర్లు, చెమటలు అంటూ అట్టముక్కలతో విసురుకుంటున్నారు. నాకు మూడు నెలల్లో ఒక్కసారి కూడా రాలేదు."

"ఒక్కసారి కూడానా?"

"ఒట్టు. తమ్ముడి మందు అక్కని బాధపెడుతుందా?"

"పోనీ నిద్రలో... దుప్పటి తన్నేసేంత వేడి?"

"హాయిగా పడుకుంటున్నాను. ఏం, రావాలా?"

"గడ్డ పెరక్కుండా హార్మోన్ని ఆపేసే మందు కదా. ఒంట్లోకి వెళ్తే మామూలుగా అందరికీ..."

"అందరికీ?"

"ఏం లేదక్కా. కొందరికి రావులే."

"మరింకేం! అదేంట్రా, ఇంత చల్లటి చోట నీకు పట్టాయి చెమటలు? ఇలా తిరుగు, తుడుస్తాను."