వాన ఆగేదాకా డెల్మర్ తిరిగిన మైదానాలు

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు. ఆ సంగతి మీ అందరికీ తెలిసిందే," అన్నాడు డెల్మర్, నా బండి మీంచి అడక్కుండానే గుప్పెడు వేరుశెనక్కాయలు తీసుకుంటూ.

"తెలుసు తెలుసు. కానియ్," అన్నాడు ఆర్విన్, స్కోరు పుస్తకం ఒళ్లో పెట్టుకుని.

మామూలుగా అయితే ఆర్విన్ అతన్ని నోరు మూయమనేవాడే. కానీ ఆ ఆదివారం మధ్యాహ్నం సంగతి వేరు. మా ఊరి బేస్‌బాల్ జట్టుకి బంతి వేస్తున్న క్లేటన్ తొమ్మిదింట ఏడు ఇన్నింగ్స్ దాకా అవతలివాళ్లకి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు, ఒక్కడూ బంతి కొట్టి బేసు చేరలేదు. అలాంటి ఆట నడుస్తున్నప్పుడు హిట్ పడలేదన్న మాట ఎవరూ పైకి అనకూడదు. అన్నామా, అక్కడితో చెడిపోతుంది. మా అయోవాలో పాలు తాగే పిల్లలకి కూడా ఇది తెలుసు. ఇంకా రెండు ఇన్నింగ్స్ ఉండగా వాన దిగింది. మైదానం మీద పట్టా కప్పేశారు. మేమంతా రేకుల కింద నా బండి చుట్టూ చేరాం.

వాన ఎక్కువసేపు పట్టిందంటే, చెయ్యి చల్లబడిందని కోచ్ క్లేటన్‌ని కూర్చోబెట్టి ఇంకొకణ్ణి దింపుతాడు. క్లేటన్ తల్లి వెర్నా మూడో ఇన్నింగ్స్ నుంచి కదిల్తే అదృష్టం పోతుందని కాలు మీద కాలు తియ్యకుండా కూర్చున్న మనిషి. వానకి లేవాల్సి వచ్చిందని ముఖం పాలిపోయి నిలబడింది. ఇటు చూస్తే డెల్మర్ నోట్లో నువ్వుగింజ నానదు. ఆ నోరు ఆ మాట అనకుండా ఉండాలంటే ఇంకేదన్నా వాగనివ్వడమే మాకు దారి.

"ఈ దేశంలో ముప్పై పెద్ద మైదానాలున్నాయా, ముప్పైకి ముప్పై చూశాను. చికాగోలో మొదటిసారి ఏం చేశానంటే, ఒక చేత్తో హాట్ డాగ్ తింటూ రెండో చేత్తో జనంలోకి వచ్చిపడ్డ ఫౌల్ బంతి పట్టాను. అదేం గొప్ప కాదు, ఎవరైనా పడతారు. చొక్కా మీద ఇంత మరక పడలేదు, అంతే."

"అసలు పడలేదా?" అన్నాను.

"చొక్కా ఇంట్లోనే ఉంది, కావాలంటే వచ్చి చూడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అక్కడ గోడంతా తీగ పాకి ఉంటుంది కదా, ఒక బంతి పోయి ఆ ఆకుల్లో దూరింది. ఆటగాడు చేతులెత్తేశాడు. నేను పైనుంచి వంగి మోచేతి దాకా చెయ్యి పెట్టాను. ఒకటి కాదు, పదకొండు బంతులొచ్చాయి. భుజం దాకా పెట్టాను, పిచ్చుక గూడు, గుడ్లతో సహా. ఇంకా పెడితే మెత్తగా ఏదో తగిలింది. లాగాను. మనిషి. కిందటేడు బంతి కోసం దూరినవాడు. గడ్డం బొడ్డు దాకా పెరిగిపోయింది పాపం. బయటికి రాగానే, 'ఇది ఎన్నో ఇన్నింగ్స్ సార్?' అన్నాడు."

వెర్నా పెదవి చివర కొంచెం కదిలింది. అది ఆర్విన్ కూడా చూశాడు.

"డెన్వర్ వెళ్లావా మరి?" అన్నాడు.

"వెళ్లకేం? కొండ మీద ఊరు, గాలి పల్చన, కొట్టిన బంతి ఒక పట్టాన ఆగదు. ఒకడు కొట్టాడు నిట్టనిలువుగా. అందరం తలెత్తి చూస్తున్నాం, రాదే. అంపైర్ చూసి చూసి మెడ పట్టేసి ఇంటికి పోయాడు. నేను వదుల్తానా? మరుసటి ఏడు అదే సీటు కొనుక్కుని కూర్చున్నాను. రెండో ఇన్నింగ్స్‌లో సరిగ్గా నా టోపీలో పడింది, మంచు పట్టి గడ్డకట్టి. దాన్ని చేతులు మార్చుకుంటూ మా వరసలో అందరి బీర్లూ చల్లబరుచుకున్నాం."

దూరంగా ఉరిమింది. వెర్నా ఉలిక్కిపడి ఆకాశం వంక చూసి, "ఇక ఆగదేమో," అంది. డెల్మర్ గొంతు పెంచాడు.

"సెయింట్ లూయిస్ సంగతి వినండి. ఆ రోజు బంతి వేసినవాడు ఎంతటివాడనుకున్నారు? ఏడు ఇన్నింగ్స్ అయినా ఆ మహానుభావుడు ఒక్క..."

నా చేతిలో పొట్లం జారిపోయింది. ఆర్విన్ పెన్సిల్ ఆగింది. వెర్నా కళ్లు గట్టిగా మూసుకుంది.

"...ఒక్క గుక్క మంచినీళ్లు కూడా తాగలేదు," అన్నాడు డెల్మర్ తాపీగా.

పోయిన ప్రాణాలు తిరిగొచ్చాయి మాకు.

"ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి ఒళ్లు విరుచుకుని పాడతాం కదా. ఆ ఎండకి జనమంతా నీడ వైపే ఉన్నారు, నలభై వేల మంది. ఒక్కసారే లేచి పాటకి తగ్గట్టు ఊగారు. అంతే, మైదానం మైదానమంతా ఒక పక్కకి ఒరిగిపోయింది, తక్కెడలాగా. బేసులు జారిపోతున్నాయి. ఎండ వైపున పైకి లేచిన అంచు మీద నేనొక్కణ్ణే. ఏం చెయ్యను? బరువు కావాలి. దొరికిన హాట్ డాగులన్నీ తిన్నాను. అరవై, తొంభై... నూట పన్నెండోది మింగేసరికి మెల్లగా దిగి సమానమైంది. అంపైర్ పరిగెత్తుకొచ్చి, 'డెల్మర్ గారూ, ఆట అయ్యేదాకా మీరు మాత్రం లేవకండి' అని బతిమాలుకున్నాడు."

వెర్నాకి నవ్వు ఆగలేదు. కళ్లు తుడుచుకుని అడిగింది.

"డెల్మర్, ఇరవై రెండేళ్లుగా ఈ గేటు దగ్గర టికెట్లు చింపేది నువ్వే. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఒక్క ఆటకి కూడా నాగా పెట్టలేదని కిందటేడు నీకు గడియారం ఇచ్చి చప్పట్లు కొట్టాం. ఆ ఊళ్లలోనూ ఆటలు ఆ నెలల్లోనే కదా ఆడేది. మరి నువ్వెప్పుడు వెళ్లావు?"

డెల్మర్ చేతిలో తొక్కలు చూసుకున్నాడు.

"ఎక్కడికీ వెళ్లలేదు వెర్నా. అన్నీ రేడియోలో విన్నవే."

"మరి ఇంతసేపూ?"

"ఇంతసేపట్లో నువ్వు ఒక్కసారే కదా ఆకాశం వంక చూసింది."

అతని నోటికి మేం కాపలా కాస్తున్నాం అనుకున్నాం. అతనేమో వెర్నా దిగులుకి కాపలా కాశాడు. నాకు సిగ్గేసింది. అప్పుడు గమనించాం, రేకుల మీద చప్పుడు లేదు. మైదానంలో పట్టా చుట్టేస్తున్నారు. కోచ్ ఎవర్ని పంపుతాడోనని అందరం మెడలు చాచాం. చేతికి చుట్టుకున్న తువ్వాలు తీసి విసిరేస్తూ క్లేటనే వచ్చాడు. వెర్నా గుండె నిండా ఊపిరి పీల్చి వదిలింది.

ఆమె వెళ్లి తన సీటు తుడుచుకుంది. పక్క సీటు కూడా తుడిచింది.

"ఇంకా రెండు ఇన్నింగ్స్ ఉన్నాయి. ఇలా వచ్చి కూర్చో డెల్మర్," అంది. "బోస్టన్‌లో ఏం చేశావు?"