మొదటి ఏడాదిలో ఏం నేర్పుతారు

కిటికీ పక్కన మిషన్ మీద అమ్మ ఒక చొక్కా కాలరు కుట్టి, విప్పి, మళ్ళీ కుడుతోంది. కింద కూర్చుని కూతురు గుండీలు కుడుతోంది.

"డిగ్రీలో లెక్కలు తీసుకుంటానమ్మా. మాస్టారు కూడా అదే తీసుకోమన్నారు."

"లెక్కలు చదివి ఏం చేస్తావే, చుక్కలు లెక్కపెడతావా? నర్సింగ్‌లో చేరు. చదువు అవ్వగానే ఉద్యోగం."

"రక్తం చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయని తెలుసు కదా."

"అలవాటవుతుందిలే. మంచం మీంచి లేవలేని మనిషిని పక్కకి ఎలా తిప్పాలో అక్కడ నేర్పుతారట. మొదటి ఏడాదే నేర్పేస్తారా?"

"ఏమో, నాకేం తెలుసు?"

"మింగుడు పడని వాళ్ళకి తినిపించడం కూడానా?"

కూతురు నవ్వబోయి ఆగింది. ఎప్పుడూ గీత గీసినట్టుండే అమ్మ కుట్టు కాలరు మీద పాము పాకినట్టు వంకరపోయింది.

"అమ్మా, మనం మాట్లాడుతున్నది ఉద్యోగం గురించేనా?"

"మరి దేని గురించి?"

"తాతయ్యకి కూడా ముందు వేళ్ళే పట్టు తప్పాయి కదా."

"ఆ కత్తెర ఇలా ఇవ్వు."

"ఆ తర్వాత ఎన్నాళ్ళకి మంచం పట్టాడు?"

మిషన్ ఆగింది. అమ్మ తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, ఏదో పరాయి వస్తువుని దించుకున్నట్టు ఒళ్ళోకి దించుకుంది.

"నర్సింగ్ నాలుగేళ్ళట కదే," అంది నెమ్మదిగా. "అంతకంటే తొందరగా అయ్యేది ఏదైనా ఉందేమో కనుక్కో."