క్యారేజీకా, చద్దికా

రైల్వే క్వార్టరులో రాత్రి భోజనాలు. అందరికీ వడ్డించగా మిగిలిన అన్నంలో అత్త నీళ్ళు పోయబోతే, కోడలు గిన్నె పక్కకి లాగింది.

"నీళ్ళు పొయ్యకత్తా. రేపు మీ అబ్బాయి క్యారేజీకి పులిహోర కలుపుతాను."

"రేపట్నుంచి సమ్మె గదే. క్యారేజీ ఏటికి? నీళ్ళు పోస్తే పొద్దున్న అందరికీ సద్దన్నం అవుద్ది."

"ఆయన డ్యూటీ మాన్తానని నాతో అన్లేదు."

"నాతోనూ అన్లేదు. ఆడి ముకం సూడు, పులిహోర తినే ముకమేనా అది?"

"నవ్వులాట కాదత్తా. ఉజ్జోగం తీసేస్తే క్వార్టరు కాళీ సెయ్యమంటారు. పిల్లల్తో ఎక్కడుంటాం?"

"మీ మావ ఒకసారి, తోటోళ్ళంతా సమ్మె సేసి గేటు బయట నిలబడితే, లోపలికెల్లి పని సేసినాడు. ఉజ్జోగం నిలబడింది. మరి మనింట్లో పెళ్ళికి ఈ క్వార్టర్ల లైన్లోంచి ఒక్కరూ రాలేదు."

అంతవరకూ తల వంచుకుని తింటున్న గోవిందరావు చెయ్యి ఆపాడు.

"రేపు నాను డ్యూటీకెల్లనమ్మా," అని, భార్య వైపు తిరిగాడు. "నువ్వు ఆ పులిహోర కలిపీ. ఈ రాత్రి మెయిలుకి పిల్లల్ని తీసుకుని పలాస, మీ అమ్మోలింటికి ఎల్లిపో. రేపట్నుంచి బళ్ళుండవు. ఇక్కడేటి జరుగుద్దో తెల్దు."

ఆమె పిల్లల కంచాల వైపు కాసేపు చూసి, గిన్నె అత్త ముందుకు జరిపింది.

"నువ్విక్కడ గేటు కాడ నిలబడితే, నాను పలాసలో కూకుంటానా? మేమెల్లం. నీళ్ళు పోసీ అత్తా. రేపు అందరం సద్దే తిందాం."