ఓవెన్ ఆరిపోయాక పూతల మాస్టారు

1989 జూన్ మూడో తేదీన మా మోటార్ల కర్మాగారంలో శిక్షణార్థిగా అడుగుపెట్టి, క్రమంగా పూతల విభాగానికి అధిపతియై, నేడు పదవీ విరమణ చేస్తున్న మా పూతల మాస్టారిని సత్కరించుకోవడం మా భాగ్యం. భాగ్యమని రాస్తున్నామే గానీ, కలం సాగడం లేదు.

మోటారు లోపలి ఉక్కు రేకుల మధ్య విద్యుత్తు ప్రవహించకూడదు. అయినా అవన్నీ ఒకే దిమ్మగా అతుక్కుని ఉండాలి. ఈ రెండు ధర్మాలనూ వెంట్రుక కన్నా పలుచని పూతలో నిలిపి, ఓవెన్‌లో కాల్చి, చల్లారిన దిమ్మను గోటితో మీటి చెవి ఒగ్గి వినేదాకా వారు భోజనానికి లేచేవారు కారు.

ఒకసారి భుజం నొప్పికి భార్య నూనె రాసి పంపితే, ఆ చేతులతో ముట్టిన రేకులన్నిటి మీదా పూత పట్టక గుండ్రటి మచ్చలు తేలాయి. అది మొదలు వారింట్లో నూనె సీసా అటకెక్కింది. "ఈయనకి నేనెందుకండీ, ఓ మోటారునిచ్చి పెళ్లి చేయాల్సింది!" అని ఆవిడ మా అందరి ముందూ దెప్పితే, మాస్టారు సిగ్గుపడి నవ్వేశారు.

ఆ నవ్వు చూసి చాలాకాలమైంది. గత చలికాలం నుంచి దిమ్మల్లో రేకులు ఊడిపోతున్నాయి, అమ్మిన మోటార్లు గీపెడుతూ తిరిగొస్తున్నాయి. మాస్టారు పూత ద్రావణం మార్చారు, వేడి పెంచారు, తగ్గించారు, రేకులు మళ్లీ కడిగించారు. కారణం దొరకలేదు. తప్పు తన చేతులదేనేమోనన్న శంక వారిని లోలోపల తినేసింది. ఇంతలో, పూత పూసిన రేకులనే బయట కొనాలని యాజమాన్యం నిర్ణయించేసింది.

చివరిగా ఒక్క దిమ్మ కాల్చి చూస్తానని నిన్న మాస్టారు మేనేజరుగారిని అడిగారు.

"ఎందుకండీ ఇంకా? సోమవారం ఓవెన్ పీకేస్తున్నారు కదా."

"పీకేయండి సార్, నేను కాదన్నానా? తప్పు నాదో, పూతదో తెలుసుకుని పోతాను. ఒక్కసారి."

"కరెంటు తీసేశారు మాస్టారూ. ఇంటికెళ్లి హాయిగా ఉండండి."

హాయిగానట! మాస్టారు వెళ్లి, చల్లబడిన ఓవెన్ తలుపు తెరిచి, లోపల కాల్చకుండా మిగిలిన దిమ్మను రెండు చేతులా ఎత్తబోయారు. రేకులు పేకముక్కల్లా జారిపోయాయి. వంగి, ఒక్కొక్కటే ఏరి, అంచులు సరిచేసి పేర్చి, తలుపు మూసి వచ్చారు.

వారికి సంపూర్ణ ఆరోగ్యమూ నిండు నూరేళ్ల ఆయుష్షూ కలగాలని మనసారా కోరుకుంటున్నాం. అన్నేళ్లూ తప్పు ఎవరిదన్న ఆ ప్రశ్న వారి పక్కనే పడుకుంటుందని తెలిసి కూడా, ఇంతకు మించి కోరడం మాకు చేతకాలేదు.