రాత్రంతా నిలవున్న నీళ్ళు

డ్రెస్డెన్, 2021 జనవరి, లాక్‌డౌన్. వంటగదిలో వైశాలి, ఆమె భర్త చలపతి.

“మళ్ళీ వాంతి చేసుకుందా?”

“చేసుకుంది. వారం నుంచీ అనూకి రోజూ పొద్దున్నే ఇదేగా. డాక్టరు కరోనా కాదంది. నువ్వు మాత్రం ఆ కాగితం ముక్క ఊపుతూ కూచో.”

“కాగితం ముక్క కాదు వైశూ, టెస్ట్ స్ట్రిప్. నీళ్ళలో ముంచితే రాగి ఎంతుందో చెప్తుంది. తెల్లగా ఉండాల్సింది చూడు, ఊదారంగు! డబ్బా మీద ఇంతకంటే ముదురు రంగే లేదు.”

“అబ్బో! నీ ల్యాబ్ మూసేస్తే సైన్సు వంటింట్లోకొచ్చిందన్నమాట. అంట్లు కూడా తోముతుందా?”

“వేళాకోళం చాలు. పాత బిల్డింగు, పాత రాగి పైపులు. పిల్ల కడుపులోకి పోతున్నవి ఈ నీళ్ళే. ఇంటి ఓనరమ్మకి మెయిల్ కొట్టేశా, మీ పైపులు నా కూతురికి విషం పెడుతున్నాయని.”

“విషం అని రాశావా?”

“జర్మన్లో రాశా. బోల్డ్ అక్షరాల్లో. ప్లంబర్ని తీసుకుని ఇవాళే వస్తోంది.”

“ఈ దేశంలో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, లేకుండా ప్లంబర్ని రప్పించావంటే నీకు సన్మానం చెయ్యాలి. పొద్దున్న నేనూ ముంచా ఒక స్ట్రిప్. తెల్లగా అలాగే ఉంది.”

“నీకు పద్ధతి తెలీదు. రాత్రంతా నిలవున్న నీళ్ళు తియ్యాలి.”

“డబ్బా మీద చదివే, కుళాయి తిప్పగానే వచ్చిన మొదటి నీళ్ళు పట్టా. నువ్వెక్కడివి పట్టావు?”

“ఇక్కడివే. రాత్రంతా నిలవున్నవే.”

“ఇక్కడంటే? కుళాయివా?”

“అంటే... నేను లేచేసరికి నువ్వు కుళాయి తిప్పేశావుగా. అందుకని...”

“అందుకని?”

“నిలవ నీళ్ళు ఎక్కడైనా నిలవ నీళ్ళేగా. చెంబులోవి.”

“మీ అమ్మగారి రాగి చెంబా? కరోనాకి మంచిదని రాత్రిళ్ళు నిమ్మకాయ పిండి పెట్టుకుంటావే, ఆ చెంబా?”

“అదే... కానీ...”

“రాగిలో పులుపు పోసి, రాత్రంతా ఉంచి, పొద్దున్నే రాగి దొరికిందని ఊరంతా చాటావా! దీనికి డాక్టరేట్ కూడా ఇస్తారా?”

“అరవకు. ఆవిడకి సారీ చెప్తాలే.”

“చెప్పు. అదీ బోల్డ్‌లోనే చెప్పు. పోనీ, కుళాయి నీళ్ళు మంచివే, నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ చెంబు నీళ్ళు తాగేది నువ్వొక్కడివే కాబట్టి సరిపోయింది. మరి పిల్లకి ఈ వాంతులేంటి? ...ఏంటలా చూస్తున్నావ్?”

“ఏం లేదు.”

“అనూ తల్లీ, లేచొచ్చావా? ఇంకా వికారంగా ఉందా?”

“నైన్, మమా, ఇప్పుడు లేదు. నాన్నా, నా గ్లాసు నిమ్మకాయ నీళ్ళు ఇవాళ కూడా మొత్తం తాగేశాగా, చాక్లెట్ ఇవ్వు. అమ్మకి చెప్పలేదు నేను.”