బందెలదొడ్డి దావీదు కొడుకు

ఆ ఫొటో దించమాకమ్ములూ, దుమ్ముంటే అక్కడే తుడువు. గుడ్డ తడిది కాదు, పొడిది. హాల్లో రాళ్ళగోడ ఫొటో ఏంటి తాతా అంటావా? అది ఇంగ్లండులో ఓ పల్లె. పేరు నా నోరు తిరగదు గానీ ఊరు మాత్రం కంఠతా వచ్చు. పదకొండిళ్ళు, ఓ చర్చి, ఒక్క బండి పట్టే రాతి వంతెన, బాతుల చెరువు. నేనేం చూళ్ళేదులే. మా ఊరి జోజయ్య ఈ దేశమొచ్చి, ఈ క్లేటన్‌లో మనింట్లో అద్దెకుండి చదివేటప్పుడు, యూనీలో, అదే యూనివర్సిటీలో, వాడికా ఊరి చరిత్ర రాయమని పడింది. అది పోతే సబ్జెక్టు పోద్ది, సబ్జెక్టు పోతే వీసా పోద్ది. వాళ్ళ నాన్న దావీదు మా ఊళ్ళో బందెలదొడ్డి కాపలా. పరాయి చేలో పడి మేసిన గొడ్డుని తోలుకొచ్చి మూసే దొడ్డి అది, ఆసామి వచ్చి తప్పొప్పుకుంటే గానీ వదలరు. పక్క గదిలో రాజారావని ఇంకోడు, మోతుబరి బిడ్డ. అన్నాల దగ్గర, "ఒరే బందెలదొడ్డీ, ఆ గిన్నె ఇటందుకో" అనేవాడు. జోజయ్య నవ్వి ఊరుకునేవాడు. నేను నవ్వలా. ఈరోజుకీ నవ్వలా.

ఏం చెప్తున్నా? ఆఁ, గోడ. యూనీవాళ్ళిచ్చిన కాయితంలో అది కూలిపోయిన ప్రార్థన మందిరమని ఉందంట. వీడు ఆ కాయితంతో ఇచ్చిన ఫొటో అటు తిప్పి ఇటు తిప్పి, "కాదు బాబాయ్. దూలం దూర్చిన బొక్క ఒక్కటీ లేదు, కూలటానికి అసలు కప్పేది? వాకిలి ఒక్క గొడ్డు పట్టేంతే. ఈ మూల రాళ్ళు చూడు, నడుమెత్తున నున్నగా అరిగినయ్, గొడ్లు ఒళ్ళు రుద్దుకుని. ఇది బందెలదొడ్డి" అన్నాడు. రాజారావు పడీపడీ నవ్వాడు. "దొరల ఊళ్ళో కూడా మీ నాన్నేనా కాపలా? అది రాశావంటే ఫెయిలే." వీడు కలం మూసి పక్కన పెట్టాడు. నేనన్నా, "తెలిసింది రాయి. మీ నాన్న పని చెప్పుకోటానికి సిగ్గుపడితే ఈ ఇంట్లో నీకు అన్నం లేదు." రాశాడు. పంతులమ్మ ఒప్పుకోలా. ఆ ఊరి చర్చికే ఉత్తరం రాసి అడుగు, వాళ్ళు ఔనంటే మార్కులు, కాదంటే సున్నా అంది.

నెల తిరిగేసరికి కవరొచ్చింది. జోజయ్యకి విప్పటానికి ధైర్యం చాల్లా. నాకా, సంతకం తప్ప రాదు. రాజారావు పెరట్లో బార్బీ అనే బొగ్గుల పొయ్యి మీద కోడి కాలుస్తున్నాడు. "ఇటు రావయ్యా పెద్ద చదువులోడా, చదువు" అన్నా. గట్టిగానే మొదలెట్టాడు. మీరన్నది నిజం, మా పాత పుస్తకంలో చూశాం, అది పశువుల దొడ్డే, కాపలావాళ్ళ పేర్లు కూడా ఉన్నయ్, ఇన్నేళ్ళూ మాకే తెలీలేదు, అని. సగంలో గొంతు తగ్గింది. "వినపళ్ళా, మళ్ళీ" అన్నా. మూడుసార్లు చదివించా. కోడి మాడి బొగ్గైంది. అదే తిన్నాం, అంత రుచి మళ్ళీ చూళ్ళా! నువ్వు తుడిచే ఆ ఫొటో, తర్వాత ఆ చర్చివాళ్ళు పంపిందే. గోడ పక్కన పశువుల దొడ్డని రాసిన కొత్త బోర్డు కనపడతందా?

జోజయ్య పోయి తొమ్మిదేళ్ళు. సమాధి రాయి మీద డిగ్రీలన్నీ వేయిద్దామన్నాడు రాజారావు, పెద్దరికంగా. అక్కర్లేదు, 'బందెలదొడ్డి దావీదు కొడుకు', అంతే చాలన్నా. చెక్కేవాడికి ఆ మాట రాజారావు చేతే రాయించి ఇప్పించా... ఫొటో ఎడమ పక్క కొంచెం ఒరిగింది చూడు, సరిచెయ్. ఇంకాస్త. ఆఁ.