ఆగని పంపు

మిట్టమధ్యాహ్నం. గిద్దలూరు దగ్గర ఒక చెరువు రేవు. షికారు పడవలో దాన్ని నడిపే తిమోతి, ఎలక్ట్రీషియన్ అబ్రార్.

“థూ! ఏం కంపన్నా ఇది? బల్ల కింద చచ్చిన చేపలేమన్నా ఉండాయా?”

“చెరువన్నాక కంపు కొట్టదా అబ్రారూ? నువ్వు లైట్ల సంగతి చూడు. గుడ్డిగా ఎలగతన్నయ్. పాటల బాక్సు జొరమొచ్చినోడి మాదిరి మూలగతాంది. హారనైతే అసలు పలకదు.”

“బ్యాటరీ కొత్తదే గదా?”

“మొన్న ఏసిందే.”

“టెర్మినల్‌కు చిలుము పట్టినాది, చీ! గీకినాలే. మీటరు పెడతా... పన్నెండు ఓల్టులు దాటాల్సింది, పదిన్నర కూడా లేదే. స్విచ్చులన్నీ ఆపినావా తిమోతన్నా?”

“ఆపినా.”

“అన్నీ?”

“అన్నీ ఆపినా అంటాంటే!”

“మరి కరెంటు ఎవరు తాగతన్నారు? ఉండు. మాట్లాడబాక. ఏందో గుర్రుమంటాంది.”

“గాలిలే.”

“గాలి అట్ల గుర్రుమంటాదా? బల్ల లేపు.”

“కొత్త కార్పెట్ అబ్బా. లేపితే కాంట్రాక్టరు నాగరాజు ఊరుకోడు. పడవ ఆయనది—”

“లేపన్నా! ... యా అల్లా! ఇన్ని నీళ్ళా? చూడు, తోడే పంపు తిరగతనే ఉండాది. ఎప్పట్నుంచి?”

“వానకు...”

“వాన యాడ పడిందన్నా మన సీమలో?”

“ఎండల్లో నీళ్ళు తగ్గినప్పుడు రాయి తగిలింది. అడుగు పగిలింది. నాగరాజుకు చెప్పినా. లప్పం పూయించి, పైన కార్పెట్ పరిపించినాడు. పంపు ఉంది గదరా అన్నాడు.”

“రాత్రీపగలూ పంపే తాగేస్తే లైట్లకు ఏం మిగలతాది? ఇది వైర్ల రోగం కాదు. పడవ రోగం.”

“అందుకే నిన్ను పిలవమన్నాడు. పంపు వైరు పీకి, లైట్లు మండేట్టు చెయ్యాలంట. ఈ ఒక్క పూటకే. సాయంత్రం మా చర్చి ఆడోళ్ళు వస్తన్నారు. పాటలకు మైకు కావాలంట.”

“పంపు ఆపితే ఎంతసేపు తేలతాది?”

“తెలవదు.”

“తెలవదా?”

“చెరువు మధ్య దాకా.”

“లైఫ్ జాకెట్లు?”

“ఆఫీసులో పెట్టి తాళమేసినాడు. తడిస్తే పాడైతాయంట.”

“చీ, ఏం మనుషులన్నా! నువ్వెట్ల ఊరుకున్నావ్?”

“ఆ ఆడోళ్ళ పెద్ద యేసుమణక్కకు పడవ మోయదని చెప్పబోయినా. ‘ఏం తిమోతీ, మేమంత బరువా?’ అని నవ్వింది. ఈ పని పోతే నాకు ఇంకోటి లేదు అబ్రారూ.”

“నేను పీకను.”

“ఇంకొకడొచ్చి పీకతాడు.”

“అయితే ఇంజను స్టార్టు కాకుండా లావు కేబులు కోసేస్తా. అబ్రార్ చెడగొట్టినాడని చెప్పు.”

“గిద్దలూరులో కేబులు దొరకదా? గంటలో తెప్పిస్తాడు.”

“మరి ఏం చేద్దామంటావ్? చెప్పు!”

“ఆ కటింగ్ ప్లేరు ఇటియ్యి.”

“ఏం కోస్తావ్?”

“పంపు వైరే. నువ్వు ఒడ్డుకు దిగు తమ్ముడూ. వాళ్ళు రాకముందే, ఈ రేవులోనే మునిగిపోనీ.”